పుస్తకంలో లేని వాక్యం

పోయినవారం ఆవిడని గుమ్మంలో నిలబెట్టి మన దారిన మనం వచ్చేశాం. పాపం, తలుపు గడియ మీద చెయ్యి వేసుకుని వారం రోజులుగా అలాగే నిలబడి ఉంది. ఎదురుగా మెట్ల మీద ఎవరో ఆడమనిషి. ఆ మనిషి లోపలికి రాలేదు, నమస్కారం పెట్టలేదు. వచ్చీ రాగానే ఒక్క మాట అడిగింది. "మేడమ్, మీరు నా పుస్తకం నిజంగా చదివారా?" సరిగ్గా అక్కడ మనం ఆగాం.

కొత్తగా ఈ వారమే మన వెంట పడ్డవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పాలి. పాతవాళ్ళు కాస్త ఓపిక పట్టండి, ఎంతోసేపు పట్టదు.

ఆవిడ ఒక వారపత్రికలో 'చదివాక' అనే పేజీ రాస్తుంది. కొత్తగా వచ్చిన నవలల మీద తన అభిప్రాయం కుండబద్దలు కొట్టినట్టు చెబుతుంది. మొహమాటం ఆ ఇంటి గుమ్మం తొక్కదు. బాగుంటే బాగుందంటుంది, లేకపోతే ఏ పేజీలో నిద్రొచ్చిందో కూడా చెబుతుంది. దెబ్బలు తిన్న రచయితలు ఆవిడకి కత్తెరమ్మ అని పేరు పెట్టారు. ఆ పేరు చెవిన పడితే ఆవిడ కోప్పడలేదు సరికదా, "కత్తెర లేకుండా చొక్కా కుట్టేవాణ్ణి చూపించమనండి" అని నవ్వింది. మనం కూడా అలాగే పిలుద్దాం.

కత్తెరమ్మకి చూపు లేదు. నడివయసులో కంటి నరాలు ఎండిపోవడం మొదలై, కొన్నాళ్ళకి వెలుగు కూడా తెలియకుండా పోయింది. అప్పటి నుంచీ భర్త చదువుతాడు, ఆవిడ వింటుంది. ఆవిడ చెబుతుంది, ఆయన రాస్తాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆవిడ మంచం మీద వెల్లకిలా పడుకుని చేతులు రెండూ పొట్ట మీద పెట్టుకుంటుంది. ఆయన కిటికీ పక్కన కుర్చీ లాక్కుంటాడు. వాక్యం నచ్చితే ఆవిడ మంచం కోడు మీద వేలితో టకటకమని కొడుతుంది, ఆయన ఆ వాక్యం మళ్ళీ చదువుతాడు. బయటివాళ్ళకి ఇది వింతగా ఉండొచ్చు గాని, వాళ్ళకి అదే కాపురం.

గొడవ ఎక్కడొచ్చిందంటే, 'ఉదయం డ్యూటీ' అని ఒక నర్సు రాసిన మొదటి నవల దగ్గర వచ్చింది. కత్తెరమ్మ ఆ నవలని ఎప్పుడూ లేనంతగా మెచ్చుకుంది. చివరి పేజీలోని ఒక వాక్యాన్ని ఎత్తి రాసి, ఈ ఒక్క వాక్యం కోసం పుస్తకం కొనుక్కోవచ్చు అంది. జనం కొన్నారు. కొని వెతికారు. ఆ వాక్యం ఎక్కడా లేదు. ఎడిటరు పొద్దున్నే ఫోన్ చేసి, "చదవకుండా రాశారని అందరూ అంటున్నారండీ. సాయంత్రంలోగా మీ వివరణ నాకు చేరాలి. లేదంటే పేజీ ఆపెయ్యక తప్పదు" అన్నాడు. కత్తెరమ్మని దొంగ అన్నా ఊరుకునేదేమో, చదవకుండా రాసింది అంటే మాత్రం తల కొట్టేసినట్టయింది. భర్తని అడిగితే, "అచ్చులో ఏదో తేడా వచ్చుంటుందిలే" అని నసిగి, సంచీ పట్టుకుని లైబ్రరీకి వెళ్ళిపోయాడు. ఆయన అటు వెళ్ళాడు, ఇటు తలుపు చప్పుడైంది.

ఇదీ సంగతి. ఇక పదండి లోపలికి.

"లోపలికి రామ్మా" అంది కత్తెరమ్మ. "గుమ్మంలో నిలబడి తిట్టుకుంటే ఇరుగుపొరుగుకి పని పెట్టినట్టవుతుంది. కూర్చుని తిట్టుకుందాం."

నర్సు లోపలికొచ్చి కూర్చుంది. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, ఆస్పత్రి సబ్బు వాసన కూడా వెంటే వచ్చింది. ఆ వాసనకి కత్తెరమ్మ ముఖం పక్కకి తిప్పుకుంది.

"తిట్టడానికి రాలేదు మేడమ్. మీరు మెచ్చుకున్నారు కదా, మా వార్డులో అందరూ ఆ పేజీ కత్తిరించి బల్ల మీద అద్దం కింద పెట్టుకున్నారు. మా అమ్మ అయితే పక్కింటివాళ్ళకి చదివి వినిపించింది. నాకే... నాకే ఏం చెయ్యాలో తెలియట్లేదు. మీరు మెచ్చుకున్న వాక్యం నేను రాయలేదు."

"నువ్వు రాయకపోతే నీ పుస్తకంలోకి ఎలా వచ్చింది?"

"రాలేదు. అదే చెబుతున్నాను."

కత్తెరమ్మకి ఆ వాక్యం కంఠతా వచ్చు. మంచం కోడు ఎన్నిసార్లు కొట్టి చదివించుకుందో. "పాప కళ్ళు విప్పి, 'ఆకలేస్తోంది, నువ్వొద్దు, అమ్మే పెట్టాలి' అంది" అని గడగడా అప్పజెప్పింది. "అవతలి అంచు దాకా వెళ్ళొచ్చిన పిల్ల వేదాంతం మాట్లాడదు, పేచీ పెడుతుంది, ఈ రచయిత్రికి పిల్లలు తెలుసు అని నేనే రాశాను. ఇది నీది కాదా?"

"నా పాప కళ్ళు విప్పదు మేడమ్."

"మరి?"

"చచ్చిపోతుంది."

నర్సు ఆ మాట మామూలుగా అంది. రోజూ అనాల్సిన మాటే ఆమెకి. కాని ఆ ఇంటి గోడలు ఆ మాట విని ఎన్నేళ్ళయిందో. ఎదిగీ ఎదగని ఒక్కగానొక్క కూతురు జ్వరంతో పోయినప్పటి నుంచీ మొగుడూ పెళ్ళాలు ఆ మాటని ఇంట్లోకి రానివ్వలేదు. పోవడం అనాల్సొస్తే, వెళ్ళడం అన్నారు. అదీ అనకుండా చాలాసార్లు మాట మార్చేశారు.

"చదువు" అంది కత్తెరమ్మ. "చివరి అధ్యాయం నువ్వే చదువు."

నర్సు చదివింది. రచయిత్రులు చదివినట్టు చదవలేదు, పక్క షిఫ్టువాళ్ళకి పని అప్పగిస్తున్నట్టు చదివింది. డ్యూటీ మారే వేళ. వార్డులో బకెట్ల చప్పుడు. పాప తల్లి సీసాలో నీళ్ళు పట్టడానికి కుళాయి దగ్గరికి వెళ్ళింది. "నర్సు పాప నాడి పట్టుకుంది. పట్టుకునే ఉంది. పక్క మంచం ఆయన 'సిస్టర్, నీళ్ళు' అన్నాడు. 'వస్తున్నా' అంది గాని చెయ్యి వదల్లేదు. వదిలితే పోయినట్టే." తల్లి నిండిన సీసాతో తిరిగొచ్చేదాకా చదివి నర్సు ఆగింది. పుస్తకం అయిపోయింది.

కత్తెరమ్మ చెంపల మీద నుంచి నీళ్ళు కారి మెడలోకి దిగుతున్నాయి. తుడుచుకోలేదు. "బాగుంది" అంది. "కాని 'వదిలితే పోయినట్టే' అక్కర్లేదు. 'చెయ్యి వదల్లేదు' దగ్గరే ఆపెయ్యాల్సింది. మిగతాది చదివేవాడు అనుకుంటాడు, నువ్వు అనకూడదు."

నర్సుకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "ఇప్పుడు నిజంగా నా పుస్తకం మీద మాట్లాడారు" అంది.

"ఇప్పుడే విన్నాను కాబట్టి."

"అయితే ఇంతకుముందు మీకు చదివిందెవరు?"

"మా ఆయన."

నర్సు పుస్తకం మూసి, అట్ట మీద చేత్తో రుద్దుతూ కూర్చుంది. ఆ చప్పుడు కత్తెరమ్మకి వినిపిస్తూనే ఉంది.

"ఒక మాట చెప్పనా మేడమ్? ఆ వాక్యం విని నాకు కోపం రాలేదు. భయమేసింది. అది ఊహించి చెప్పింది కాదు. చూసినవాళ్ళు చెప్పింది."

"అంటే?"

"చివర్లో కొంతమందికి కాసేపు తెలివొస్తుంది. అప్పటిదాకా ఉలుకూ పలుకూ లేనివాళ్ళు కళ్ళు విప్పి, మనుషుల్ని గుర్తుపట్టి, ఆకలంటారు. పిల్లలైతే పేచీ పెడతారు. ఇంట్లోవాళ్ళు గండం గడిచిందని మొక్కుకుంటారు. మేం ఏమీ అనలేక మంచం దుప్పటి సర్దుతూ నిలబడతాం. కాసేపే అది. నేనూ రాద్దామనుకున్నాను. చూడనివాళ్ళు నమ్మరని కొట్టేశాను."

కత్తెరమ్మ కూర్చున్నచోటే వెనక్కి వాలిపోయింది. ఆస్పత్రి సబ్బు వాసన గదంతా నిండిపోయినట్టనిపించింది. నర్సు భయపడి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. రెండు గుక్కలు తాగి గ్లాసు వెనక్కిచ్చింది.

"నువ్వు వెళ్ళమ్మా. ఆయన వచ్చే వేళయింది. నువ్వడిగినదానికి జవాబు ఇప్పుడే చెబుతున్నాను విను. నీ పుస్తకం నేను చదవలేదు. ఆ మాట పత్రికలోనే రాస్తాను, అందరూ చదివేలా రాస్తాను."

నర్సు వెళుతూ వెళుతూ పుస్తకం ఆవిడ ఒళ్ళో పెట్టి వెళ్ళింది.

ఒంటరిగా మిగిలాక కత్తెరమ్మ ఒక్కొక్కటే లెక్క తీసుకుంది. లిఫ్టు నడిపేవాడి మీద వచ్చిన నవల. దాని చివర్లో కొడుకు హఠాత్తుగా పెద్దమ్మ ఇంటికి వెళ్ళిపోయాడు. "ఇంత మంచి నవలని ఇలా ముగించడం పిరికితనం" అని ఆవిడ ఉతికి ఆరేసింది. మరీ విడ్డూరమేమిటంటే, పెద్దమ్మ ఇల్లు అనేదానికి లోతైన అర్థం ఉందని, కత్తెరమ్మ తప్ప ఇంకెవరూ పట్టుకోలేకపోయారని ఒక కాలేజీ లెక్చరరు వ్యాసం కూడా రాశాడు. తర్వాత ఇటుకల బట్టీ నవల. అందులో చెల్లెలు పెద్దమ్మ ఇంటికి వెళ్ళింది. సర్కస్ నవలలో తాడు మీద నడిచే పిల్ల కూడా అక్కడికే వెళ్ళింది. "మన నవలాకారులందరికీ ఒకే పెద్దమ్మ ఉన్నట్టుంది, పిల్లల్ని పెంచడం చేతకాక ఆవిడ మీదికి తోసేస్తున్నారు" అని కత్తెరమ్మ చురక వేస్తే పాఠకులు పడీ పడీ నవ్వారు. చాలామంది పుస్తకం తీసి చూడలేదు. చూసినవాళ్ళు అదేదో చమత్కారం అనుకుని ఊరుకున్నారు. ఆ పెద్దమ్మ ఎవరో ఇప్పుడు ఆవిడకి తెలిసిపోయింది. కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, కళ్ళజోడు తుడుచుకుంటూ చదువుతుంది ఆ పెద్దమ్మ.

ఆయనకి అంతకంటే కల్పించడం రాదు మరి. ఉద్యోగమంతా ఆఫీసులో ఇళ్ళ ప్లానులు గీసిన మనిషి. ఉన్నది కొలిచి గీయడం తప్ప లేనిది ఊహించడం చేతకాదు. అమ్మాయి చిన్నప్పుడు కథ చెప్పమని మీద పడితే, "అనగనగా ఒక ఇల్లు. దానికి తూర్పు వైపు తలుపు. తలుపు పక్కన కిటికీ" అని మొదలుపెట్టేవాడు. వంటిల్లు వచ్చేసరికి పిల్ల ఆవులించేది. "నాన్నా, ఈ ఇంట్లో మనుషులుండరా?" అని అడిగితే, "ఇంకా దిగలేదమ్మా" అనేవాడు. కత్తెరమ్మ పక్క గదిలో నవ్వలేక చచ్చేది.

అలాంటి మనిషి నోట్లోకి "నువ్వొద్దు, అమ్మే పెట్టాలి" అనే మాట ఎక్కడి నుంచి వచ్చింది? పిల్లల్ని పెద్దమ్మ ఇంటికి పంపడం తప్ప ఇంకేదీ తోచని మనిషికి ఈ ఒక్కచోట మాత్రం అంత ప్రాణమున్న మాట ఎలా తోచింది?

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. ఆయనే. ఎడమ చెప్పు కొంచెం ఈడుస్తాడు.

"ఈసారి మంచివి దొరికాయే" అంటూ సంచీ బల్ల మీద పెట్టాడు. గొంతులో లేని హుషారు తెచ్చిపెట్టుకున్నాడు. "ఒకటి పడవలు నడిపేవాళ్ళ మీద. మొదటి పేజీ చూశాను, నీకు నచ్చుతుంది."

"అందులో పిల్లలున్నారా?"

"ఏమో, చూడలేదు."

"చూడండి. చూసి, మునిగిపోతారో పెద్దమ్మ ఇంటికి వెళతారో ఇప్పుడే చెప్పేయండి. మళ్ళీ నేను రాసి నవ్వులపాలవడం దేనికి?"

సంచీలోంచి పుస్తకాలు తీస్తున్న చప్పుడు ఆగిపోయింది. వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చెయ్యలేక తన్నుతున్నారు. ఆ చప్పుడే వినిపిస్తోంది ఇంట్లో.

"ఎవరొచ్చారు?" అన్నాడు చివరికి.

"నర్సు వచ్చింది. తన పాప చచ్చిపోయిందని చెప్పి వెళ్ళింది."

కుర్చీ కిర్రుమంది. కూర్చున్నాడు కాదు, కూలబడ్డాడు.

"ఎన్ని పుస్తకాలు మార్చారు?"

"పిల్లలు పోయేవి మాత్రమేనే. మిగతావాటిలో అక్షరం వదల్లేదు. ఒట్టు."

"నన్ను ఒక్క మాట అడిగారా?"

"నువ్వు తట్టుకోలేవని..."

"నేనా, మీరా?"

ఆవిడ వదల్లేదు. ఎంత పెద్ద రచయితనైనా నిలదీసే మనిషి, మొగుణ్ణి వదులుతుందా?

"నేనేనే" అన్నాడు. "ఆ పేజీ వస్తోందని ముందే తెలిసిపోయేది. అక్షరాలు కనిపించేవి, నోరు పెగిలేది కాదు. నువ్వేమో ఎదురుగా చేతులు పొట్ట మీద పెట్టుకుని వింటూ ఉంటావు. ఏదో ఒకటి చెప్పాలి కదా. పంపించేసేవాణ్ణి."

"నా పేరు మీద పంపించారు! లిఫ్టు నవల రాసినాయన్ని పిరికివాడన్నాను. ఆయన గుండె రాయి చేసుకుని కొడుకుని చంపుకుంటే, పిరికివాడని అచ్చు వేయించాను. ఆ మనిషి ఎంత ఏడ్చి ఉంటాడండీ? చూపు పోయినా నాకు నోరుంది, ఆ నోట్లో అబద్ధం లేదు అనుకుని బతికాను. నాకున్నదల్లా అదే. దాన్ని కూడా మీరు..."

"ఆ వాక్యం తీసేద్దామన్నాను కదే, రాసేటప్పుడు."

"నిడివి ఎక్కువైందన్నారు!"

"మరేం చెప్పమంటావు?"

ఇంకోరోజైతే ఆ మాటకి ఇద్దరూ నవ్వేవాళ్ళే. ఆవిడ ఒళ్ళోని పుస్తకాన్ని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. అడగాల్సినది గొంతు దాకా వచ్చి కూర్చుంది. అడిగితే ఇన్నేళ్ళ కాపురం ఏమవుతుందో తెలియదు. అడక్కపోతే ఇక ముందు ఆయన ఏది చదివినా నమ్మలేదు, పాల ప్యాకెట్టు మీది తేదీ కూడా నమ్మలేదు.

"మిగతావన్నీ మీరు కల్పించారు. చెత్తగా కల్పించారు, అందుకే తెలిసిపోతోంది. ఈ ఒక్క వాక్యం మీరు కల్పించలేదు. మీకు రాదు. అనగనగా ఒక ఇల్లు అని మొదలుపెట్టి మనుషుల్ని దించలేనివాళ్ళు మీరు. ఆ మాట ఎక్కడో విన్నారు. నిజం చెప్పండి. 'నువ్వొద్దు' అన్నది ఎవరిని?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకోసాగాడు.

"నర్సునా?"

"కాదు."

"మరి ఎవరిని?"

"నన్నే" అన్నాడు.

వీధిలో స్కూటరు స్టార్టయి వెళ్ళిపోయింది.

"ఆ పొద్దున ఆస్పత్రిలో పిల్ల తల మీది తడిగుడ్డ తనే తీసి పడేసింది. కళ్ళు విప్పి అటూ ఇటూ చూసింది. ఆకలేస్తోందంది. బల్ల మీద రొట్టె ఉంటే చిన్న ముక్క తుంచి నోటి దగ్గర పెట్టాను. మూతి తిప్పేసుకుంది. ఎప్పుడూ తిప్పేది చూడు, అలాగే. నువ్వొద్దు, అమ్మే పెట్టాలి అంది. నాకు ప్రాణం లేచొచ్చిందే. పిల్ల పేచీ పెడుతోందంటే ఇంకేం కావాలి? గండం గడిచిపోయిందనుకున్నాను. నీకు చెబుదామని వరండాలోకి పరిగెత్తాను."

"వచ్చారా?" ఆవిడ గొంతు ఆవిడకే వినపడలేదు. "నా దగ్గరికి వచ్చారా?"

"వచ్చాను. అక్కడి బల్ల మీద ముడుచుకుని పడుకున్నావు. కొంగు ముఖం మీదికి లాక్కుని. ఎన్నాళ్ళకి కునుకు పట్టిందో ఏమో, గట్టిగా ఊపిరి తీస్తున్నావు. నీ భుజం మీద చెయ్యి కూడా వేశాను. మళ్ళీ అనుకున్నాను, పాపం, ఇంకాస్త పడుకోనీ. పిల్ల ఎక్కడికి పోతుంది, లేచాక తనే పెడుతుంది కదా అనుకున్నాను." ఆయన కుర్చీ కిటికీ వైపు జరుపుకున్నాడు. "లేపలేదే. నేను లోపలికి వెళ్ళేసరికి మళ్ళీ కళ్ళు మూసుకుంది. ఇంక విప్పలేదు."

కత్తెరమ్మ చెయ్యి తెలియకుండానే భుజం మీదికి వెళ్ళింది. ఏ భుజమో ఆయన చెప్పలేదు. రెండూ తడుముకుంది.

ఇన్నేళ్ళూ ఆవిడ ఒక్క మాట మీద తల ఆనించి నిద్రపోయింది. పిల్లకి తెలివే రాలేదు, నిద్రలోనే వెళ్ళిపోయింది అని ఆ రోజు ఆయన చెప్పిన మాట. నేను కునుకు తీస్తే తీశాను, పిల్లకి తెలియదుగా, నన్ను అడగలేదుగా అని మనసుకి చెప్పుకుని, చెప్పుకుని, అరిగిపోయేదాకా చెప్పుకుని బతికింది. కాని పిల్ల అడిగింది. పేచీ పెట్టి మరీ అడిగింది. నాన్న చేతి ముక్క వద్దని మూతి తిప్పుకుని, అమ్మ కోసం చూసింది. ఆ అమ్మ తలుపు అవతల బల్ల మీద ఉంది.

అరవాలనిపించింది. లేచి ఆ మనిషి చొక్కా పట్టుకుని కుదిపెయ్యాలనిపించింది. ఎందుకు లేపలేదు, ఎందుకు లేపలేదు అని గోడలు అదిరేలా అడగాలనిపించింది. ఎందుకో తెలుసు కాబట్టే అడగలేకపోయింది. అప్పుడూ పాపం అనుకునే లేపలేదు, ఇప్పుడూ పాపం అనుకునే పిల్లల్ని పెద్దమ్మ ఇంటికి పంపాడు. ఆ పాపం అనడం వల్లే ఆవిడ బతుకులో ఉన్న ఒక్క మాట ఆవిడకి అందకుండా పోయింది. ఆ మాట చివరికి చెవిన పడ్డ రోజున, ఎవరిదో నవల అనుకుని, బాగుందని వేలితో మంచం కోడు కొట్టింది. మళ్ళీ చదవమంది. ఆయన మళ్ళీ చదివాడు. ఎలా చదివాడో మరి.

ఫోన్ మోగింది. ఎడిటరే అయ్యుంటాడు. ఇద్దరూ కదల్లేదు. మోగీ మోగీ అదే ఊరుకుంది.

"కాగితం తీసుకోండి" అంది కత్తెరమ్మ.

"ఇప్పుడా?"

"సాయంత్రంలోగా పంపాలి. రాసుకోండి."

సొరుగు తెరిచిన చప్పుడు, కాగితం సర్దుకున్న చప్పుడు వినిపించాయి. ఆవిడ మామూలుగా చెప్పినట్టే చెప్పడం మొదలుపెట్టింది. "'ఉదయం డ్యూటీ' నవల నేను చదవలేదు. చదవకుండానే మెచ్చుకున్నాను. దాని ముగింపు ఇవాళే విన్నాను. అందులో పాప చచ్చిపోతుంది. ఆ ముగింపు గొప్పగా ఉంది."

కలం గరగరలాడుతూ వచ్చి ఒకచోట ఆగిపోయింది. ఎక్కడ ఆగిందో ఆవిడకి చెప్పనక్కర్లేదు.

"చచ్చిపోతుంది అని రాయండి."

చాలాసేపటికి కలం కదిలింది. ఒక్క మాటకి ఎంతసేపు పట్టాలో అంతకంటే ఎక్కువసేపు పట్టింది. కాగితం మీద ఏదో చుక్క పడితే ఆయన చేతిరుమాలుతో అద్దాడు.

"రాశారా? ఇంకా రాయండి. లిఫ్టు నవల రచయిత పిరికివాడు కాదు. ఆయనకి నా క్షమాపణ. ఇక, నేను ఎత్తి రాసిన వాక్యం ఆ నర్సుది కాదు. ఏ రచయితదీ కాదు. అది మా అమ్మాయిది. దాన్ని విన్నది ఒక్కరే. విన్నవాళ్ళు నాకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే..."

ఆవిడ ఆగింది. ఆయన కలం పట్టుకుని ఎదురుచూశాడు.

"చెప్పు" అన్నాడు మెల్లగా.

"నేను చెప్పను. అక్కడి నుంచి మీరు రాయండి. ఇన్నాళ్ళూ నేను చెబితే మీరు రాశారు. ఈ ముక్క మీ సొంతం. రాసి, ఒక్క అక్షరం మార్చకుండా నాకు చదివి వినిపించండి. వినిపించాక ఏం చెయ్యాలో, ఈ ఇంట్లో ఉండాలో వద్దో, అప్పుడు చెబుతాను."

నర్సు పుస్తకం తలాపున పెట్టుకుని, కత్తెరమ్మ మంచం మీద వెల్లకిలా పడుకుంది. ఎప్పటిలాగే చేతులు రెండూ పొట్ట మీద పెట్టుకుంది. కిటికీ పక్క కుర్చీలోంచి ఊపిరి చప్పుడు వినిపిస్తోంది. కలం చప్పుడు ఇంకా వినిపించలేదు.